రేకు అంచున తుప్పు

ఓస్టర్‌వాల్డ్ తన రేకుల పెట్టెను తనే మోసుకుంటూ మా పరీక్షల హాలు గుమ్మం దాటినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మిల్లు యజమానులు పెట్టెలు మొయ్యరు. లారీలో పంపిస్తారు, అందినట్టు సంతకం తీసుకుంటారు, తేడా వస్తే ఫోన్‌లో అరుస్తారు. ఈ మనిషి హార్జ్ కొండల నుంచి హాంబుర్గ్ దాకా రైల్లో, పెట్టెను కాళ్ళ మధ్య పెట్టుకుని వచ్చాడు. వానలో తడిసిన కోటు విప్పకుండానే, "తొట్టి ఎక్కడండీ?" అని అడిగాడు.

"ముందు కాఫీ తాగండి" అన్నాను.

"కాఫీ తర్వాత. తొట్టి చూడాలి."

మీలా నా పక్కన నిలబడి నవ్వు ఆపుకుంది. ఆమె అసలు పేరు బొగుమీలా. పోలండ్‌లోని క్రకూవ్ నుంచి వచ్చి మూడేళ్ళయింది. రేకులు కడగడం, తొట్టిలో పేర్చడం ఆమె పని. తొట్టిలోంచి తీసిన రేకును బాగుందనో బాగా లేదనో తేల్చడం నా పని. ఆమె ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తారు. నాది పర్మనెంటు. ఆ తేడా ఇద్దరికీ తెలుసు గానీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"ఆ మనిషి మీద ఓ కన్నేసి ఉంచు" అని ఆమె చెవిలో అన్నాను.

"నీకు అందరి మీదా అనుమానమే గేషె."

నిజమే. నాకు జీతం ఇచ్చేదే అనుమానించడానికి. పెళ్ళిరోజున ఉంగరం తొడుగుతుంటే లోపలి బంగారం ముద్ర చూసుకున్న మనిషిని నేను. చేపల దుకాణంలో నన్ను చూడగానే అమ్మే ఆవిడ నిట్టూరుస్తుంది.

మా దగ్గర అనుమానం లేకపోతే పని సాగదు మరి. నేల కింద సొరంగంలో కణాలను పరుగెత్తించే యంత్రం ఉంది. వాటిని తరిమేవి నియోబియంతో చేసిన బోలు గొట్టాలు. నియోబియం మామూలు బూడిదరంగు లోహం, చూడటానికి ఏ గొప్పా లేదు. కానీ ద్రవ హీలియంలో ముంచి చల్లారిస్తే కరెంటు దాంట్లో ఏ అడ్డూ లేకుండా పారుతుంది. ఆ గొట్టం లోపలి గోడకి ఉప్పురవ్వలో సగమంత ఇనుము అంటుకుని ఉన్నా చాలు, అక్కడ వేడి పుడుతుంది, క్షణంలో గొట్టం మొత్తం చేతులెత్తేస్తుంది. అందుకని గొట్టంగా మలచకముందే రేకుల్ని పరీక్షిస్తాం. యంత్రాలతో తడిమి చూస్తాం. యంత్రానికి అందనిది నీళ్ళకి అందుతుంది. శుద్ధి చేసిన నీళ్ళల్లో రేకుల్ని ఒక రాత్రంతా నానబెడితే నియోబియం అలాగే ఉంటుంది, ఇనుము ఉంటే మాత్రం తుప్పు పడుతుంది. పొద్దున్నే బూడిదరంగు మీద నారింజ చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క పడితే మేం ముట్టుకోం. ఫోటో తీసి, రేకును పక్కన పెట్టి, మిల్లుకి కబురు పంపుతాం.

పోయిన నెల ఓస్టర్‌వాల్డ్ రేకుల మీద చుక్కలు పడ్డాయి. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. ఆయన మిల్లులో రంపాల వాళ్ళకి ఉక్కు రేకులు కూడా చేస్తారు. అవే రోలర్లు. ఉక్కు పని అయ్యాక, రేకుల్ని నొక్కి సాగదీసే ఆ రోలర్లను రుద్ది కడగకపోతే, వాటికి అంటిన ఇనుము నియోబియంలోకి దిగబడుతుంది. కడగలేదు, అంతే అనుకున్నాను. మా పై అధికారి డాక్టర్ సీమ్సెన్ ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఈసారీ తుప్పు కనిపిస్తే ఆర్డరు వేరే మిల్లుకి వెళ్తుంది. చిన్న మిల్లు, మాదే పెద్ద ఆర్డరు. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఆయన తొట్టి చుట్టూ తిరుగుతుంటే నేను కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూశాను. ఆయన వంగి తొట్టి అంచు వాసన చూశాడు. పట్టకారు ఎత్తి వెలుతురులో తిప్పాడు.

"ఇది ఉక్కుదా?"

"ప్లాస్టిక్. పట్టుకుంటే తెలియడం లేదూ?"

"నీళ్ళు?"

"మూడుసార్లు వడపోసినవి. తాగి చూస్తారా?"

"ఇస్తే తాగుతాను" అన్నాడు, నవ్వకుండా.

నాకు ఒళ్ళు మండింది. తన మిల్లులో రోలర్లు కడుక్కోలేని మనిషి నా నీళ్ళకి వంకలు పెడుతున్నాడు. "చూడండి ఓస్టర్‌వాల్డ్ గారూ, ఇన్నేళ్ళలో ఈ తొట్టి అబద్ధం చెప్పలేదు" అన్నాను.

"తొట్టిని కాదులెండి నేను అనుమానిస్తున్నది."

"మరెవర్ని? నన్నా?"

ఆయన పట్టకారును తిరిగి బల్ల మీద పెట్టాడు. మీలా తెల్ల కోటు వేసుకుని, చేతితొడుగులు తొడుక్కుని, ఒక్కో రేకునూ కడిగి తొట్టిలో దించింది. దించే ముందు ప్రతి రేకుకీ జేబులోంచి పెన్సిల్ తీసి, పక్కనున్న పలక మీద దాని నంబరు రాసుకుంది. మూత వేశాక నేను మూత చుట్టూ టేపు అంటించి, దాని మీద నా సంతకం పెట్టాను. కలం ఆయనకి ఇచ్చాను.

"మీరూ పెట్టండి. రేపు పొద్దున మళ్ళీ మాట పడటం నా వల్ల కాదు."

ఆయన ఏ మాత్రం మొహమాటపడకుండా టేపు నాలుగు వైపులా సంతకం పెట్టాడు. వేలితో నొక్కి చూశాడు కూడా. ఇద్దరం ఒకర్నొకరు దొంగల్లా చూసుకున్నాం.

భోజనానికి ఆవరణ దాటి వెళ్తుంటే గోడకి ఆనించిన చెక్కపలక ముందు ఆగాడు. దాని నిండా పాత ఇనప తలుపు పిడులు బిగించి ఉన్నాయి.

"ఎవరికి ముప్పై నిండాయి?"

"మా మీలాకి. పోయిన నెల్లో."

ఇక్కడ పెళ్ళికాని ఆడపిల్లకి ముప్పై నిండితే అందరి ముందూ తలుపు పిడులు తోమించడం సరదా. వాటికి బూటుపాలిషూ ఆవాలముద్దా పూసి ఇస్తాం. పెళ్ళికాని కుర్రాడెవడైనా వచ్చి ముద్దిచ్చి విడిపిస్తే గానీ వదలం. ఆవాలముద్ద తెచ్చింది నేనే. మీలా పోలండ్ పిల్ల, ఈ ఆచారం ఏంటో తెలియక ఉద్యోగ పరీక్ష అనుకున్నట్టు తోమింది. హాలంతా కడుపుబ్బ నవ్వాం.

క్యాంటీన్‌లో ఓస్టర్‌వాల్డ్ హెర్రింగ్ చేప పెట్టిన రొట్టె తీసుకున్నాడు గానీ తినలేదు. ఉల్లిపాయ ముక్కలు ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

"రేపు తుప్పు కనిపిస్తుందంటారా?" అన్నాడు.

"మీ రోలర్ల సంగతి మీకే తెలియాలి."

"నాకు తెలీదు. రోలర్లు మా తమ్ముడివి. వాడి పేరు ఎకార్ట్. నాన్న పోయిన దగ్గర్నుంచీ లెక్కలు నావి, రోలర్లు వాడివి. పోయిన నెల మీ ఫోటోలు రాగానే వాణ్ణి పిలిచి అడిగాను. కడిగాను అన్నాడు. కడిగితే తుప్పెలా వచ్చిందన్నాను. ఏమోరా అన్నయ్యా, నేను మాత్రం కడిగాను అన్నాడు."

"అంటాడు మరి" అన్నాను.

"నేనూ అదే అన్నాను. అందరి ముందూ. ఒరే, కడగకపోతే కడగలేదని చెప్పి చావు, అబద్ధాలెందుకు అన్నాను. వాడు చేతులు తుడుచుకుని, కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంతవరకూ రాలేదు. వాళ్ళావిడ మా ఆవిడతో మాట్లాడటం మానేసింది." చేపరొట్టెను పక్కకి జరిపాడు. "ఈ పెట్టెలో రేకులు ఆ రోజు వాడు చేసినవే. అదే రోజు, అవే రోలర్లు. తుప్పు కనిపిస్తే వాడు అబద్ధమాడాడు. కనిపించకపోతే..."

పళ్ళెం అంచున ఉల్లిపాయ ముక్కల్ని వేలితో సర్దాడు.

"కనిపించకపోతే మీ ఆర్డరు మీకుంటుంది" అన్నాను.

"ఆర్డరు సంగతి కాదండీ" అని విసుక్కున్నాడు.

నేను నమ్మలేదు. ఆర్డరు పోయే మనిషి ఆర్డరు సంగతి కాదంటే నాకు అనుమానం రెట్టింపవుతుంది. జాలి పుట్టించి పని జరిపించుకునే వాళ్ళను చాలామందిని చూశాను. ఆయన్ని ఊళ్ళోని బసకి పంపించి, వెనక్కి వచ్చి, హాలు తలుపు నేనే తాళం వేశాను. తాళం చెవి కాపలావాళ్ళకి ఇవ్వకుండా ఇంటికి తీసుకెళ్ళాను. అది నిబంధనలకు విరుద్ధమే.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికే ఆయన గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. మీలా కూడా. ఇద్దరూ వాన గురించి మాట్లాడుకుంటున్నారు. నలుగురు మాట్లాడుకోవడానికి ఏమీ లేనప్పుడు మా ఊళ్ళో వానే దిక్కు.

టేపు చెక్కుచెదరలేదు. ఆయన నాలుగు సంతకాలూ చూసుకున్నాడు, నేను నాది చూసుకున్నాను. టేపు కోసి, మూత తీసి, మొదటి రేకును పట్టకారుతో పైకెత్తాను. నీళ్ళు జారిపోయాయి.

అంచున నారింజ చుక్క ఉంది.

రెండో రేకు మీద ఉంది. మూడో దాని మీద లేదు. తర్వాతి దాని మీద మళ్ళీ ఉంది.

"చూశారా!" అన్నాడు ఓస్టర్‌వాల్డ్. "నేను చెప్పలేదూ! కడగలేదు! వాడు కడగలేదు!"

గొంతులో ఆనందం ఉంది. నాకది స్పష్టంగా వినిపించింది. మిల్లు మూతపడబోతున్న మనిషి గెలిచినవాడిలా నా భుజం తట్టాడు. చెంపలు ఎర్రబడ్డాయి. తమ్ముణ్ణి ఊరికే అనలేదని తేలినట్టుంది ఆయనకి.

అప్పుడు నా మీద నాకే అనుమానం వచ్చింది. నిన్న ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆర్డరు పోతుందని బెంగపడే మనిషి ఇలా భుజాలు తట్టడు. మరి అది నిజమైతే నేను నమ్మిన తక్కినవాటి సంగతేమిటి? పోయిన నెల రేకుల మీద చుక్కలున్నాయా లేవా అన్నంత వరకే చూశాను. ఉక్కు మిల్లు కాబట్టి రోలర్ల తప్పు అని ముందే తేల్చేసుకుని, చుక్కలు ఎక్కడ పడ్డాయో చూడనే లేదు.

"ఆగండి" అన్నాను.

రేకుల్ని వరసగా బల్ల మీద పరిచాను. రోలర్ల నుంచి ఇనుము దిగితే రేకంతటా ఎక్కడంటే అక్కడ పడాలి, లేదా రోలరు తిరిగిన వైపు ఒక వరసలో పడాలి. ఇవి అలా లేవు. మధ్యలో ఒక్కటీ లేదు. అన్నీ అంచులకే ఉన్నాయి. ఒక రేకు తిప్పి చూశాను. అడుగున పక్కపక్కనే మూడు, పైన వాటికి ఎదురుగా ఒకటి.

పై చుక్క మీద గాల్లోనే నా కుడి బొటనవేలు పెట్టి చూశాను. అడుగున వేళ్ళు వాటంతటవే చుక్కల కిందకి వెళ్ళాయి. చుక్కలు నా వేళ్ళకన్నా కాస్త దగ్గరదగ్గరగా ఉన్నాయంతే.

"ఇది రోలరు కాదు. ఎవరో కుడిచేత్తో పట్టుకున్నారు" అన్నాను.

ఓస్టర్‌వాల్డ్ మొహం నుంచి రంగు దిగిపోయింది. "నేను ముట్టుకోలేదు. పెట్టె నిన్న మీ ఎదురుగానే తెరిచాను."

"మీ చెయ్యి చూపించండి."

ఆయన చెయ్యి పారంత ఉంది. రెండు చుక్కల మధ్య దూరానికి ఆయన ఒక్క వేలే సరిపోయింది. నేను మీలా వైపు చూశాను. మీలా ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను తొడుగులు వేసుకున్నాను. నువ్వు చూశావు."

"చూశాను. ఒక్కసారి ఇక్కడ పెట్టు చెయ్యి."

"నేను కొత్త జత వేసుకున్నాను గేషె!"

"మీలా, చెయ్యి పెట్టు."

పెట్టింది. చిన్న చెయ్యి. వేళ్ళు నాలుగూ చుక్కల మీద అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకు తెలుసు. మొదట్నుంచీ ఏదొచ్చినా నామీదకే వస్తుంది. పోలండ్ నుంచి ఇనుము తెచ్చి పూశాననుకుంటున్నావా? డిసెంబర్‌లో నా కాగితం పొడిగించాలి. ఇప్పుడే కనబడాలా నీకు ఈ వేళ్ళు?"

"నేను నిన్నేమీ అనలేదే."

"అనక్కర్లేదు. నీ చూపు చాలు."

ఆ మాట సూటిగా తగిలింది. ఎందుకంటే ఒక్క నిమిషం నేను నిజంగానే అలా చూశాను. కావాలని చేసిందేమో అని, వేరే మిల్లువాళ్ళు డబ్బిచ్చారేమో అని, ఏవేవో అనుకున్నాను. అంత సేపట్లో అన్నీ అనుకోగలదు నా బుర్ర. సిగ్గేసింది. కానీ చుక్కలు చుక్కలే.

"కొత్త తొడుగులు వేసుకున్నాక దేన్ని ముట్టుకున్నావో చెప్పు" అన్నాను, ఈసారి మెల్లగా.

"నీళ్ళ గొట్టం. రేకు. పలక." ముక్కు తుడుచుకుంది. "పెన్సిల్."

"పెన్సిల్ ఎక్కడ పెడతావు?"

జవాబుగా ఆమె తన కోటు కుడిజేబులో చెయ్యి పెట్టబోయింది. నేను మణికట్టు పట్టుకుని ఆపాను. కోటు విప్పించి బల్ల మీద పరిచి, జేబును లోపలి వైపు బయటికి లాగాను. మూల కుట్టులో గోధుమరంగు మరక పాకి ఉంది. దాని మధ్య బూడిదరంగు నూగు ఇరుక్కుని ఉంది. గోటితో మీటితే పొడిపొడిగా రాలింది. అయస్కాంతం తెచ్చి పెట్టాను. టక్కున అంటుకుంది.

గిన్నెలు తోమే ఉక్కుపీచు.

మీలా నోరు చేత్తో మూసుకుంది. "ఆ తలుపు పిడులు..." అంది. "బ్రష్షుతో పోవడం లేదని మీలోనే ఎవరో పీచు విసిరారు. సగం వాడి జేబులో పెట్టుకున్నాను. బట్టలు పాడవుతాయని ఈ కోటే వేసుకున్నా ఆ రోజు."

కోటు ఉతికించింది. పీచు జేబులోనే తడిసి ఆరి, తుప్పుపట్టి, ప్రతిసారీ పెన్సిల్ కోసం వెళ్ళిన తొడుగుకి కాస్త కాస్త అంటుకుంది. ఆ తొడుగు నుంచి రేకుకి, కడగడం అయిపోయాక, తొట్టిలో దించే ముందు. ఆ నెలలో మా తొట్టిలోకి వేరే మిల్లు రేకులు రాలేదు, వచ్చుంటే వాటి మీద కూడా పడేది, సంగతి అప్పుడే బయటపడేది.

ఇంకొక్కటి మిగిలింది. యాసిడ్‌లో తడిపిన గుడ్డతో ఒక చుక్కను తుడిచాను. పోయింది. భూతద్దం కింద చూశాను. అడుగున గుంట లేదు, దిగబడిన ఇనుము లేదు. తుడుస్తూ పోయాను. అన్నీ పోయాయి. పోయిన నెల పక్కన పెట్టిన రేకులు తెప్పించి తుడిచాను. అవీ అంతే. అద్దంలా కాకపోయినా నిక్షేపంగా ఉన్నాయి.

"మీ రేకులు బాగున్నాయండీ. రెండుసార్లూ బాగానే ఉన్నాయి. తప్పు మాది" అన్నాను.

మీలా గట్టిగా ఊపిరి వదిలింది. ఓస్టర్‌వాల్డ్ మాత్రం బల్ల అంచు పట్టుకుని మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. ఇందాకటి ఎరుపు మొహంలో ఎక్కడా లేదు.

"అంటే వాడు కడిగాడు" అన్నాడు.

"కడిగాడు."

"కడిగానని చెప్పాడు కదా. ఏమోరా అన్నయ్యా, నేను మాత్రం కడిగాను అన్నాడు." మళ్ళీ అదే మాట ఇంకోసారి అన్నాడు, వేరెవరికో చెబుతున్నట్టు. తర్వాత ఫోన్ తీసి నంబరు నొక్కాడు. చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. మళ్ళీ నొక్కాడు. "నా నంబరు చూసి ఎత్తడు. గేషె లూర్స్ గారూ, మీరు చెయ్యరూ? మీ మాటైతే వింటాడు."

ఆయన చెప్పిన నంబరుకి హాలు ఫోన్ నుంచి చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"ఎవరూ?"

"హాంబుర్గ్ నుంచి గేషె లూర్స్‌ని. తుప్పు పరీక్ష చేసేది నేనే. ఎకార్ట్ గారేనా?"

"చెప్పండి."

"మీ రోలర్లు శుభ్రంగా ఉన్నాయండి. ఆ ఇనుము మా హాల్లో అంటింది. మీ వైపు ఏ తప్పూ లేదు. క్షమించాలి."

అటు వైపు ఎక్కడో కుక్క మొరుగుతోంది. ఎవరో దాన్ని అదిలించారు.

"ఆ సంగతి నాకు తెలుసు కదండీ" అన్నాడు.

"మీ అన్నగారు ఇక్కడే ఉన్నారు. మాట్లాడతారా?"

"మీ నీళ్ళు చెబితే గానీ మా అన్నకి నేనేంటో తెలీలేదా? అది అడగండి ఆయన్ని."

పెట్టేశాడు.

ఓస్టర్‌వాల్డ్ నా మొహంలోకే చూస్తున్నాడు. "ఏమన్నాడు?"

లైను కట్టయిందని చెప్పొచ్చు. పనిలో ఉన్నాడు, తర్వాత చేస్తాడు అనొచ్చు. మీలా అలాగే చెప్పమన్నట్టు నాకు కళ్ళతో సైగ చేసింది. చెప్పాలనే అనిపించింది. కానీ పోయిన నెల నా ఫోటోలు చూసే కదా ఆయన తమ్ముణ్ణి అబద్ధాలకోరు అన్నాడు. ఇంకో తప్పుడు కబురు నా చేతుల మీదుగా ఆ ఇంటికి పోవడం ఇష్టం లేకపోయింది. విన్నది విన్నట్టు చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు.

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత లేచి కోటు తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకటి పైకి, ఒకటి కిందకి పెట్టుకున్నాడు. మీలా దగ్గరికెళ్ళి సరిచేసింది, ఆయన చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

"మా వైపు రైలు ఎప్పుడుందో చూడమ్మా" అన్నాడు.

"ఇప్పుడు బస్సు పట్టుకుంటే అందుతుంది. కానీ మీ ఆమోదపత్రం? సీమ్సెన్ గారు వచ్చి సంతకం పెట్టాలి, ఆర్డరు..." అంది మీలా.

ఆయన అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. రేకుల పెట్టె బల్ల కిందే ఉండిపోయింది.

రేకులు బాగున్నాయని ఇందాకే కబురు పంపాను, అంతలోనే సీమ్సెన్ కాగితాలు పట్టుకుని హడావుడిగా వచ్చాడు. "ఏడీ మనిషి? మొత్తం ఆర్డరు ఆయనకే ఇస్తున్నామని చెప్పాలి."

"వెళ్ళిపోయాడు" అన్నాను.

"వినకుండానే?"

కిటికీలోంచి చూస్తే ఆవరణ అవతల ఓస్టర్‌వాల్డ్ వానలో పరుగెడుతున్నాడు, బస్సు వెనక చెయ్యి ఊపుతూ. ఆ వయసులో అలా పరుగెత్తకూడదు. బస్సు ఆగింది.

"వినకుండానే" అన్నాను.